కారు కొన్న రోజు కాదు, సర్వీసుకి ఇచ్చిన రోజు

(పాలిటెక్నిక్ విద్యార్థులు, కార్ల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఆటోమొబైల్ డిప్లొమా చదువుతున్న పిల్లలున్నారు. వెనక వరసల్లో కార్లున్న పెద్దలున్నారు. మీరిద్దరూ ఎదురుపడే చోట, మధ్యలో జాబ్ కార్డు, అంటే కారుకి చేయాల్సిన పనులు రాసే కాగితం, పట్టుకుని నిలబడే మనిషిని నేను. విజయవాడలో 22 ఏళ్లు ఆ పనే చేశాను. సర్వీస్ అడ్వైజర్‌గా చేరి, వర్క్‌షాప్ మేనేజర్‌గా బయటికొచ్చాను. ఈ కాలంలో రెండు కంపెనీల డీలర్ల దగ్గర పనిచేశాను. వాళ్ల పేర్లు ఇక్కడ చెప్పను. నేను చెప్పబోయేవి ఈ వ్యాపారంలో దాదాపు ప్రతిచోటా ఉన్నవే.

నన్ను మాట్లాడమన్న విషయం ఇది. ఒకాయన మొదటి కారు ఒక కంపెనీది కొంటాడు. ఏడెనిమిదేళ్ల తర్వాత రెండో కారు కొనేటప్పుడు మళ్లీ ఆ కంపెనీ గడపే తొక్కుతాడా, పక్క షోరూమ్‌కి పోతాడా? అది ఎక్కడ తేలుతుంది? మైలేజీ దగ్గరా, ధర దగ్గరా, టీవీలో ప్రకటన దగ్గరా? వాటి బలం వాటికుంది, కాదనను. కానీ నేను చూసినంతవరకు అది తేలేది సర్వీస్ కౌంటర్ దగ్గర. కారు లోపలికి పోతుంది, మనం బయట కూర్చుంటాం, సాయంత్రం ఒక బిల్లు చేతికొస్తుంది. ఆ బిల్లులో రాసిన పని నిజంగా జరిగిందో లేదో, జరిగినా అవసరమో కాదో మనకు తెలియదు. తెలియని చోట మనిషి నమ్మకం మీద ఆధారపడతాడు. ఆ నమ్మకం నిలబెట్టారా, పోగొట్టారా అన్నదే రెండో కారు దాకా వెళ్తుంది.

ముందు ఒక సంగతి. కొన్నవాడికి కంపెనీ అంటే ఎవరు? చెన్నైలోనో, గురుగ్రామ్‌లోనో, పెనుకొండలోనో ఫ్యాక్టరీ ఉంటుంది. ఆయన దాన్ని ఎప్పుడూ చూడడు. డీలర్ అంటే సొంత డబ్బు పెట్టి, స్థలం తీసుకుని, బ్యాంకు అప్పుతో కార్లు తెచ్చి అమ్ముకునే వేరే వ్యాపారి. ఈ తేడా కాగితాల మీదే. కొన్నవాడికి గేటు దగ్గర వాచ్‌మన్, రిసెప్షన్‌లో అమ్మాయి, సేల్స్ కుర్రాడు, సర్వీసులో నేను, అందరం కలిసి కంపెనీ. మేం చేసిన తప్పు కంపెనీ ఖాతాలోనే పడుతుంది. అది ఎలా పడుతుందో నేను కళ్లారా చూశాను.

నేను పనిచేసిన ఒకచోట, ఒక శ్రావణ శుక్రవారం. ఉయ్యూరు వైపు నుంచి ఒక కుటుంబం డెలివరీకి వచ్చింది. తొమ్మిది మంది. వాళ్లింట్లో మొదటి కారు. ముహూర్తం ఉదయం 9:40కి. 10:30కి రాహుకాలం మొదలవుతుంది. పెద్దావిడ స్టీలు పళ్లెంలో పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు, కొబ్బరికాయ పెట్టుకుని తొమ్మిదింటికే సోఫాలో కూర్చుంది. కారు కడిగి, రిబ్బన్ కట్టి లోపల సిద్ధంగా ఉంది. కానీ లోన్ డబ్బు ఇంకా ఖాతాలో పడలేదు. అది పడితే గాని అకౌంట్స్ వాళ్లు బిల్లు వేయరు, బిల్లు వేస్తే గాని ఇన్సూరెన్స్ రాదు, ఇన్సూరెన్స్ వస్తే గాని టీఆర్ నంబరు, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ నంబరు, రాదు. ఈ గొలుసంతా సేల్స్ కుర్రాడికి ముందు రోజే తెలుసు. నెలాఖరు కదా, టార్గెట్‌లో ఇంకో బండి చూపించాలి. అందుకని రేపు తప్పకుండా ఇస్తామని మాట ఇచ్చేశాడు.

తొమ్మిదిన్నర నుంచి ఆ కుర్రాడు వచ్చి "ఐదు నిమిషాలమ్మా" అనడం, వెళ్లడం. నేను సర్వీస్ వైపు నుంచి అద్దంలోంచి చూస్తున్నాను. 9:40 అయిపోయింది. ఇంటాయన లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. కాగితాలు 10:50కి వచ్చాయి. రాహుకాలంలో బండి తియ్యనివ్వనంది పెద్దావిడ. ఎవరినీ ఒక్క మాట అనలేదు ఆవిడ. పళ్లెం ఒళ్లో పెట్టుకుని పన్నెండు దాటేదాకా అలాగే కూర్చుంది. పళ్లెంలో పూలు వాడిపోయాయి. పన్నెండుంపావుకి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తీసుకెళ్లారు. ఫొటో దిగమంటే వద్దన్నారు.

మొదటి సర్వీసుకి ఆ ఇంటాయన నా దగ్గరికే వచ్చాడు. డోరు శబ్దం వస్తోందన్నాడు, స్టీరింగ్ బరువుగా ఉందన్నాడు, ఏసీ సరిగా లేదన్నాడు. నేనే పక్కన కూర్చుని ఏలూరు రోడ్డు మీద పది కిలోమీటర్లు తిప్పించాను. కారులో ఒక్క లోపం లేదు. ఆయన చెబుతున్నది కారు గురించి కాదు, ఆ శుక్రవారం గురించి. నాలుగేళ్లకు ఆ కారు ఎక్స్‌చేంజికి పెట్టి ఇంకో కంపెనీది కొన్నాడని విన్నాను. అంత మంచి కారు తయారుచేసిన ఇంజినీర్లకు ఆయన ఎందుకు వెళ్లిపోయాడో ఎప్పటికీ తెలియదు. ఆ కుర్రాడు "అమ్మా, రేపటికి కాగితాలు అందవు, సోమవారం ముహూర్తం ఉందేమో చూసుకోండి" అని గురువారం ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది.

మరి ఆ కుర్రాడు ఎందుకు చెప్పలేదు? చెడ్డవాడు కాదు. ఈ వ్యాపారం లెక్క మీకు తెలియాలి, ముఖ్యంగా పిల్లలకు. ఫ్యాక్టరీ నుంచి కారు డీలర్‌కి పంపగానే కంపెనీ లెక్కలో అది అమ్ముడైపోయినట్టే. ఆ క్షణం నుంచి వడ్డీ డీలర్‌ది. బండి స్టాక్‌యార్డులో ఎన్ని రోజులుంటే అన్ని రోజులు వడ్డీ. కొత్త కారు మీద డీలర్‌కి మిగిలేది బయటివాళ్లు అనుకునేంత ఉండదు. అందుకే ఇన్సూరెన్స్ ఇక్కడే తీసుకోమంటారు, సీటు కవర్లు ఇక్కడే వేయించుకోమంటారు, లోన్ ఇక్కడే చేయించుకోమంటారు, ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమంటారు. కొన్నిచోట్ల హ్యాండ్లింగ్ చార్జీలని ఒక గీత రాస్తారు. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు అక్కడా కాగితాల ఖర్చు పేరుతో డాక్ ఫీ అని వేస్తారని చెప్పాడు. పేరు వేరు, కొన్నవాడి కడుపులో మంట ఒకటే.

డీలర్‌కి కూడా పూర్తి స్వేచ్ఛ ఉండదు. 2021 ఆగస్టులో, వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ మారుతి సుజుకికి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తాము నిర్ణయించిన దానికంటే ఎక్కువ డిస్కౌంట్ ఇవ్వకుండా డీలర్లను కట్టడి చేశారని, మామూలు కస్టమర్ల లాగా మనుషుల్ని పంపి ఎవరు ఎక్కువ తగ్గిస్తున్నారో కనిపెట్టారని కమిషన్ తేల్చింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. డీలర్ చేసేదంతా డీలర్ సొంత ఇష్టం కాదని తెలియడం కోసం ఇది చెప్పాను. పైనుంచి ఒత్తిడి దిగుతుంది, అది సేల్స్ కుర్రాడి మీదుగా ఆ పెద్దావిడ పళ్లెం దాకా వస్తుంది.

ఇక నా చోటుకి వస్తాను, వర్క్‌షాప్‌కి.

విజయవాడలో ఒక మాటుంది. వారంటీ ఉన్నన్నాళ్లు షోరూమ్, ఆ తర్వాత ఆటోనగర్. డబ్బు తక్కువవుతుందని వెళ్తారని అందరూ అనుకుంటారు. కొంత నిజమే. కానీ ఇంకో కారణం ఉంది, దాన్ని మా పై ఆఫీసర్లు ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆటోనగర్‌లో మెకానిక్ మీ ముందే బానెట్ ఎత్తుతాడు. మీరు స్టూలు మీద కూర్చుని చూస్తుంటారు. విప్పిన పాత పార్టు న్యూస్‌పేపర్లో చుట్టి మీ చేతిలో పెడతాడు, "చూడండి, ఇక్కడ అరిగిపోయింది" అని వేలు పెట్టి చూపిస్తాడు. మా దగ్గర ఏసీ లాంజ్ ఉంటుంది, కాఫీ మెషీన్ ఉంటుంది, టీవీ ఉంటుంది. కారు మాత్రం గోడ అవతల ఉంటుంది. కస్టమర్‌కి సుఖంగా ఉండాలనే ఆ లాంజ్ కట్టారు. కానీ ఆ గోడే ఆయన్ని తన కారుకి దూరం చేసింది. చల్లటి గదిలో కూర్చుని ఆయన ఆలోచించేది ఒక్కటే: లోపల ఏం చేస్తున్నారో?

కంకిపాడు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చేవారు. 40 వేల కిలోమీటర్ల సర్వీసుకి వచ్చారు ఒకసారి. మా ఫ్లోర్ నుంచి వచ్చిన ఎస్టిమేట్‌లో ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు సరే, వాటి కింద ముందు బ్రేక్ ప్యాడ్లు, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ ట్రీట్‌మెంట్, ఇంజిన్ డ్రెస్సింగ్ అని వరసగా ఉన్నాయి. మాస్టారు కళ్లజోడు సరిచేసుకుని ఒక్కొక్క గీతా చదువుతున్నారు. పరీక్ష పేపరు దిద్దినట్టు చదివారు. "అమ్మాయ్, ఇవన్నీ ఏమిటి?" అన్నారు. నాకు ఆయన్ని కౌంటర్ దగ్గర నిలబెట్టి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. రండి మాస్టారూ అని కారుని పైకెత్తే లిఫ్ట్ దగ్గరికి తీసుకెళ్లాను. చక్రం అప్పటికే విప్పి ఉంది. టార్చి వేసి ప్యాడ్ చూపించాను. మందం సగం పైనే ఉంది. "ఇది ఇంకో సర్వీసు దాకా ఆగుతుంది. ఇంజిన్ డ్రెస్సింగ్ అంటే పైకి మెరవడానికి పూత, ఇంజిన్‌కి దానితో పనిలేదు. ఏసీ బాగానే చల్లబడుతోంది కదా, అదీ వద్దు" అన్నాను.

ఆయన టార్చి నా చేతిలోంచి తీసుకుని ఇంకోసారి చూశారు. "మరి ఎందుకు రాశారమ్మా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ మూడూ కొట్టేసి బిల్లు వేశాను. ఆ నెల నా ఇన్సెంటివ్ తగ్గింది. మేనేజర్ పిలిచి అడిగాడు కూడా.

తర్వాత ఆయన వచ్చినప్పుడల్లా నన్నే అడిగేవారు. నేను లేకపోతే "రేపు వస్తాలే" అని తిరిగి వెళ్లిపోయేవారు. కొన్నేళ్లకు నాకు ఇంకో కంపెనీ డీలర్ దగ్గర కొంచెం ఎక్కువ జీతం వచ్చింది, మారాను. ఆరేడు నెలలకు మాస్టారి నుంచి ఫోన్. "ఇప్పుడెక్కడున్నావమ్మా? మా అబ్బాయి కారు కొంటానంటున్నాడు. మీ దగ్గర ఏముంది?" అంతే. వాళ్లు ఆ కంపెనీ కారు కొన్నారు. పాత కంపెనీ కారంటే ఆయనకు కోపం లేదు, ఇష్టమే. కానీ ఆయనకు కంపెనీ అంటే టార్చి పట్టుకుని చూపించిన మనిషి. ఆ మనిషి గేటు దాటి వెళ్లిపోతే ఆయనకు అక్కడ ఎవరూ మిగల్లేదు. పాత చోట నా జీతం కాస్త పెంచి ఉంటే నేను మారేదాన్ని కాదు. నాతో పాటు ఎంతమంది కస్టమర్లు వెళ్లారో ఆ డీలర్ ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. మన షోరూమ్‌లలో సేల్స్ కుర్రాళ్లు, అడ్వైజర్లు ఎంత తొందరగా మారిపోతారో వెనక వరసలో ఉన్న మీకు బాగా తెలుసు. ప్రతి సర్వీసుకి కొత్త ముఖం, కొత్త ముఖానికి మళ్లీ మొదటినుంచి కథ చెప్పుకోవాలి.

కంపెనీలు ఈ నమ్మకాన్ని కొలవడానికి ప్రయత్నిస్తాయి. సర్వీసయ్యాక ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది కదా, పదికి ఎంత ఇస్తారని. ఆ మార్కుల మీద డీలర్‌కి వచ్చే డబ్బు, మా ఇన్సెంటివ్ ఆధారపడతాయి. అందుకని తాళం చెవి ఇచ్చేటప్పుడే "సార్, కాల్ వస్తుంది, దయచేసి పది చెప్పండి, తొమ్మిది చెప్పినా మాకు పోయినట్టే" అని బతిమాలతాం. నేనూ బతిమాలాను. కస్టమర్ మంచివాడు, కుర్రాళ్ల కడుపు కొట్టడం ఎందుకని పది చెబుతాడు. కంప్యూటర్లో ఆయన సంతృప్తి చెందిన కస్టమర్. వారంటీ అయిన మర్నాడు ఆయన ఆటోనగర్‌లో ఉంటాడు. ఇది చూసి చూసి నాకు బాధ కలిగేది. నిజం చెప్పే దారి ఒకటి ఉంటే దాన్ని మేమే మూసేశాం.

కస్టమర్‌ని కట్టేయడం వేరు, ఆయనంతట ఆయనే కట్టుబడి ఉండటం వేరు. బయట సర్వీస్ చేయిస్తే వారంటీ పోతుందంటారు, స్పేర్ పార్టులు బయట దొరకవు, స్కాన్ చేసే పరికరం బయట మెకానిక్‌కి ఇవ్వరు. ఇవన్నీ కట్టేయడం. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయల పైగా జరిమానా వేసింది సరిగ్గా ఈ విషయం మీదే, అసలు స్పేర్ పార్టులు, పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని. ఆ తర్వాత అప్పీళ్లు నడిచాయి. గిరాకీని కట్టేసి ఉంచుకున్నవాడికి తాడు తెగిన రోజు ఎవరూ మిగలరు.

కట్టుబడి ఉండేలా చేసుకోవడం ఎలాగో లెక్సస్ చూపించింది. టొయోటా ఆ బ్రాండును అమెరికాలో 1989 సెప్టెంబర్‌లో మొదలుపెట్టింది. కొద్ది నెలలకే, డిసెంబర్‌లో లోపం బయటపడింది. వెనక బ్రేక్ లైటు దగ్గర వేడెక్కుతోందని, కారు వేగాన్ని దానంతట అదే నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్ సరిగా ఆగడం లేదని ఫిర్యాదులు. అప్పటికి అమ్మిన సుమారు 8,000 కార్లన్నిటినీ వెనక్కి పిలిచారు. కొత్త బ్రాండుకి అది చావు దెబ్బ కావాలి. కానీ వాళ్లు ప్రతి యజమానికీ ఫోన్ చేశారు. ఇంటికి వచ్చి కారు తీసుకెళ్లారు, బాగుచేశారు, కడిగారు, ట్యాంకు నింపి తిరిగి ఇచ్చారు. డీలర్ లేని దూరపు ఊళ్లకు టెక్నీషియన్లను విమానంలో పంపారు. 20 రోజుల్లో ముగించారు. ఆ ట్యాంకు నిండా పెట్రోలే జనం గుర్తుపెట్టుకున్నారు, బ్రేక్ లైటు కాదు. పిల్లలూ, లోపం వచ్చిన రోజే మీకు దొరికే అవకాశం.

అయితే షోరూమ్ మంచిదైతే చాలా? చాలదు. అదే అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు శాటర్న్ అని పెట్టారు. మొదటి కారు 1990లో వచ్చింది. బేరం లేదు, అందరికీ ఒకే ధర. డెలివరీ రోజు షోరూమ్‌లో వాళ్లంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టి ఫొటో తీసేవారు. ఇప్పుడు మన దగ్గర పెద్ద తాళంచెవి బొమ్మ పట్టించి, కేకు కోయించి చేస్తున్నది అలాంటిదే. 1994లో టెనెస్సీలో స్ప్రింగ్ హిల్ ఫ్యాక్టరీకి యజమానులను రమ్మంటే 44,000 మంది దాకా వెళ్లారు. ఒక కారు కంపెనీని చూడటానికి మన తిరునాళ్లకు పోయినట్టు పోయారు! కానీ కంపెనీ ఏళ్ల తరబడి వాళ్లకు కొత్త మోడళ్లు సరిగా ఇవ్వలేదు. కుటుంబం పెరిగింది, పెద్ద కారు కావాలి, శాటర్న్‌లో లేదు. 2009లో ఆ బ్రాండును వేరేవాళ్లకు అమ్మే బేరం కుదరక, ఆ మరుసటి ఏడాదికల్లా బ్రాండే మూతపడింది. డీలర్ సంపాదించిన ప్రేమను కంపెనీ వాడుకోలేకపోయింది.

మన దేశంలో ఇంకో రకం గాయం ఉంది. కంపెనీయే వెళ్లిపోవడం. షెవర్లే కార్ల అమ్మకాలు 2017తో ఆగాయి. ఫోర్డ్ 2021 సెప్టెంబర్ 9న ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని చెప్పింది. చెన్నై పక్క ఫ్యాక్టరీ, గుజరాత్‌లో సాణంద్ ఫ్యాక్టరీ. నేను ఫోర్డ్‌లో ఎప్పుడూ పనిచేయలేదు. అయినా ఆ వారం నాకు ఫోన్లు వచ్చాయి, కారు అమ్మేయమంటారా, పార్టులు దొరుకుతాయా అని. సర్వీసు, స్పేర్ పార్టులు ఆపబోమని ఫోర్డ్ చెప్పింది, కొనసాగించింది కూడా. కోట్లు పెట్టి షోరూమ్‌లు కట్టిన డీలర్ల సంగతి వేరే కథ. ఇలాంటప్పుడు రక్షణకి ఒక చట్టం కావాలని డీలర్ల సమాఖ్య ఫాడా ఏళ్లుగా అడుగుతోంది. షెవర్లే వెళ్లినప్పటినుంచి కొత్త కంపెనీ ఏది వచ్చినా మనవాళ్లు ముందు అడిగేది "ఉంటుందా, పోతుందా?" అని. 2019లో కియా సెల్టోస్ తెచ్చినప్పుడు పెనుకొండ ఫ్యాక్టరీ మన కళ్ల ముందుండటం ఆ భయాన్ని చాలామందికి తగ్గించిందని నేను అనుకుంటాను.

ఇప్పుడు మీలో ఎవరైనా అడగండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, రేపు మేం ఉద్యోగంలో చేరాక పైవాళ్లు బిల్లు పెంచమంటే కొత్తవాళ్లం ఎలా కాదనగలం?)

మంచి ప్రశ్నమ్మా. కాదనడం కష్టం, నాకు తెలుసు. మొదట్లో నేనూ అనలేదు. నేను చేసింది చెబుతాను. ఎస్టిమేట్ కాగితం మధ్యలో పెన్నుతో ఒక నిలువు గీత గీసేదాన్ని. ఎడమవైపు ఈ రోజు చేయకపోతే ప్రమాదం ఉన్నవి. కుడివైపు మీ ఇష్టం ఉంటే చేయించుకునేవి. పైవాళ్లు రాయమన్నవన్నీ రాశాను, ఒక్కటీ దాచలేదు, కానీ ఏది ఎటు ఉండాలో నేను నిర్ణయించాను. మా మేనేజర్‌కి మొదట నచ్చలేదు. అయితే కుడివైపు కూడా ఇద్దరు ముగ్గురిలో ఒకరు చేయించుకునేవారు, ఎందుకంటే ఎడమవైపు నిజమని వాళ్లు చూశారు. కొన్నాళ్లకు ఆయనే మిగతా అడ్వైజర్లను పిలిచి, గీత గీసి రాయమన్నాడు. చిన్న టార్చి ఒకటి జేబులో పెట్టుకోండి. ఫోన్ లైటు వద్దు, రెండు చేతులూ గ్రీజుతో ఉంటాయి.